దిద్దిన జవాబుపత్రాన్ని చూసే హక్కు: భారతీయ విశ్వవిద్యాలయ పరీక్షల చరిత్రలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

విశ్వవిద్యాలయ పరీక్ష రాసిన విద్యార్థికి ఫలితం తెలిసేది. దిద్దిన జవాబుపత్రం మాత్రం 1857 నుంచి దాదాపు ఒకటిన్నర శతాబ్దం పాటు అతని కంటబడలేదు. ఆ గోప్యత ఏ వ్యవస్థలో పుట్టింది, ఏ వాదాలతో నిలిచింది, ఏ చట్టంతో సడలింది అనే అంశాలను ఈ వ్యాసం చారిత్రకక్రమంలో పరిశీలిస్తుంది. మన దేశంలో దిద్దిన పత్రాన్ని చూసే హక్కు బోధనాసంస్కరణగా రాలేదు. సమాచార హక్కు చట్టం ద్వారా వచ్చింది. అందువల్ల జవాబుపత్రం విద్యార్థికి ఫిర్యాదు సాక్ష్యంగానే చేరింది, పాఠంగా చేరలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: మూల్యాంకనం, పునర్లెక్కింపు, పునర్మూల్యాంకనం, జవాబుపత్రం, గ్రేస్ మార్కులు, సమాచార హక్కు.

1. ప్రస్తావన

పరీక్షల చరిత్రను పరిశోధించేవారికి ఒక విచిత్రమైన లోటు ఎదురవుతుంది. పాత ప్రశ్నపత్రాలు విశ్వవిద్యాలయ క్యాలెండర్లలో అచ్చయ్యాయి కాబట్టి దొరుకుతాయి. ఉత్తీర్ణుల జాబితాలు గెజిట్లలో ఉన్నాయి. సెనేట్, సిండికేట్ల తీర్మానాలు మినిట్స్ పుస్తకాల్లో ఉన్నాయి. జవాబుపత్రాలు మాత్రం దాదాపుగా లేవు. ఫలితాలు వెలువడిన కొద్దినెలలకే వాటిని నాశనం చేయడం పరీక్షా విభాగాల నిత్యకృత్యం. అంటే లక్షలాది విద్యార్థులు తమ చదువంతటినీ ధారపోసిన రాతప్రతులు, వాటి మీద అధ్యాపకులు ఎర్రసిరాతో చేసిన వ్యాఖ్యలు, రెండూ చరిత్రకు అందకుండా పోయాయి. చరిత్రకారునికి కలిగిన ఈ నష్టం అంతకుముందే విద్యార్థికి కలిగిన నష్టం. ఆ పత్రం నాశనమయ్యేలోగా దాన్ని ఒక్కసారి చూడగలిగే వీలు అతనికీ ఉండేది కాదు.

ఈ చర్చలో మూడు ప్రక్రియలను వేరుచేసి చూడాలి. మార్కుల కూడికను, దిద్దకుండా వదిలేసిన జవాబులను సరిచూడడం మొదటిది; వాడుకలో ఇది రీకౌంటింగ్. మరొక పరీక్షకుని చేత మళ్లీ దిద్దించడం రెండవది, ఇది రీవాల్యుయేషన్. దిద్దిన పత్రాన్ని రాసిన విద్యార్థే స్వయంగా చూసుకోవడం మూడవది. మొదటి రెండింటిలో విద్యార్థి దరఖాస్తుదారు మాత్రమే, పత్రాన్ని చూసేది సంస్థ. మూడవదానిలో చూసేది విద్యార్థి. సహజన్యాయం ప్రకారం ఈ మూడవది ముందుగా జరగాలి. తప్పు ఎక్కడుందో తెలిశాకే కదా దిద్దుబాటు కోరడం! మన విశ్వవిద్యాలయాల్లో ఈ క్రమం తలకిందులైంది. లెక్కించడం ముందు వచ్చింది, తిరిగి దిద్దడం తరువాత వచ్చింది, చూడనివ్వడం అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది. ఈ తలకిందులైన క్రమానికి కారణాలను వెదకడం ఈ వ్యాస ముఖ్యోద్దేశం.

2. గోప్యతకు పునాది: పరీక్షించే విశ్వవిద్యాలయం

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో ఏర్పడ్డాయి. అప్పటి లండన్ విశ్వవిద్యాలయం ప్రధానంగా పరీక్షలు నిర్వహించి పట్టాలు ఇచ్చే సంస్థ. బోధన కళాశాలల పని. మన దేశంలోనూ అదే విభజన అమలైంది. రాజమహేంద్రవరంలోనో మచిలీపట్నంలోనో చదివిన విద్యార్థి మద్రాసు విశ్వవిద్యాలయం పరీక్షకు కూర్చునేవాడు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడేవరకు కోస్తా ఆంధ్ర కళాశాలల భవితవ్యం మద్రాసులో తేలేది.

ఈ విభజన జవాబుపత్రం స్వభావాన్నే మార్చివేసింది. పాఠం చెప్పిన గురువే దిద్దే పద్ధతిలో, దిద్దిన పత్రం బోధనలో భాగం. తప్పును చూపించడం, సవరించడం, తిరిగి రాయించడం ఒకే పనిలోని అంగాలు. వీథిబడిలో పలక మీద గురువు దిద్దిపెట్టిన అక్షరం మీదనే పిల్లవాడు మళ్లీ బలపం తిప్పేవాడు. ‘దిద్దడం’ అనే తెలుగుమాటకు ఈ రెండర్థాలూ ఉన్నాయి: గురువు తప్పును సవరించడం, శిష్యుడు అదే గీత మీద మళ్లీ రాసి నేర్చుకోవడం. విశ్వవిద్యాలయ పరీక్ష వచ్చాక మొదటి అర్థం మాత్రమే మిగిలింది. దిద్దేవాడు ఎవరో విద్యార్థికి తెలియదు, రాసినవాడెవరో దిద్దేవాడికి తెలియదు. పత్రం ఒక ఊరినుంచి మరొక ఊరికి పోయి అక్కడే ఉండిపోయేది. తిరిగి వచ్చేది ఒక అంకె.

ఈ అజ్ఞాతత్వాన్ని తేలికగా తీసిపారేయడానికి లేదు. కులం, బంధుత్వం, సిఫారసు, ప్రాంతీయాభిమానం బలంగా ఉన్న సమాజంలో పేరు తెలియని పరీక్షకుడు, పేరు కనిపించని పత్రం పేదవిద్యార్థికి రక్షణే. ప్రభుత్వోద్యోగానికి పట్టాయే ప్రవేశపత్రమైన కాలంలో పరీక్షకునిపై వచ్చే ఒత్తిడిని ఊహించడం కష్టం కాదు. కాబట్టి గోప్యత మొదట నిష్పాక్షికతకు సాధనంగానే నెలకొన్నది. అయితే పరీక్షకుని పేరును దాచడం వేరు, అతడు దిద్దిన పత్రాన్ని దాచడం వేరు. మొదటిదానికి చెప్పిన కారణమే రెండవదానికీ చెల్లుతుందని చాలాకాలం భావించడంలోనే సమస్య ఉంది.

3. సంస్థ తనను తాను సరిచూసుకోవడం: 1858 నాటి ఉదాహరణ

దిద్దిన ఫలితాన్ని పునఃపరిశీలించడం విశ్వవిద్యాలయాలకు కొత్తది కాదు. కలకత్తా విశ్వవిద్యాలయం 1858లో నిర్వహించిన తొలి బి.ఏ. పరీక్ష ఇందుకు నిదర్శనం. అందులో ఇద్దరే ఉత్తీర్ణులుగా ప్రకటితులయ్యారు: బంకించంద్ర చటోపాధ్యాయ, జాదునాథ్ బోస్. నిజానికి వారిద్దరూ కూడా నిబంధనల ప్రకారం తప్పినవారే. ఆరు విషయాల్లో అయిదింటిలో ప్రతిభ చూపినా, ఆరవదానిలో ఏడుకు మించని మార్కుల తేడాతో తప్పారు. సిండికేట్ ఈ విషయాన్ని చర్చించి, ప్రత్యేకానుగ్రహంగా వారికి పట్టా ఇవ్వాలనీ, దీన్ని భవిష్యత్తులో పూర్వోదాహరణగా తీసుకోరాదనీ నిర్ణయించింది.

ఈ సంఘటనను సాధారణంగా బంకించంద్రుని జీవితకథలో ఒక విశేషంగా చెప్పుకుంటారు. పరీక్షల చరిత్రలో దీని ప్రాధాన్యం అంతకన్న ఎక్కువ. తొలి పట్టా పరీక్షలోనే, దిద్దినవారి అంకె తుదితీర్పు కానక్కరలేదని విశ్వవిద్యాలయం అంగీకరించింది. అయితే ఆ పునఃపరిశీలన పూర్తిగా సంస్థ లోపల జరిగింది. దాని పేరు ‘గ్రేస్’, అంటే అనుగ్రహం. అనుగ్రహాన్ని పొందవచ్చు గాని అడిగి సాధించుకోలేరు. పూర్వోదాహరణ కాకూడదన్న షరతు నిలవలేదన్నది వేరే సంగతి. గ్రేస్ మార్కులు, మోడరేషన్ భారతీయ పరీక్షావిధానంలో స్థిరపడిపోయాయి. వాటితోపాటు, సరిచూసే అధికారం సంస్థది, ఫలాన్ని స్వీకరించడం విద్యార్థి వంతు అనే ధోరణి కూడా స్థిరపడింది.

పరీక్ష బోధనను మింగివేస్తున్నదన్న విమర్శ త్వరలోనే మొదలైంది. కర్జన్ హయాంలో ఏర్పడిన 1902 నాటి భారతీయ విశ్వవిద్యాలయాల కమిషన్ ఈ విమర్శను అధికారికంగా నమోదు చేసింది. హైదరాబాదు సంస్థానంలో విద్యాశాఖను నడిపిన సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ ఆ కమిషన్‌లో సభ్యుడు. స్వాతంత్ర్యానంతరం 1948-49లో పనిచేసిన రాధాకృష్ణన్ కమిషన్, విశ్వవిద్యాలయ విద్యలో ఒకే ఒక్క సంస్కరణ సూచించవలసివస్తే అది పరీక్షలదే కావాలని అభిప్రాయపడింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ అంతర్గత మూల్యాంకనాన్నీ, కళాశాలల స్వయంప్రతిపత్తినీ సిఫారసు చేసింది. అరవై ఏళ్లకు పైగా సాగిన ఈ సంస్కరణచర్చలో పరీక్ష ఎలా పెట్టాలన్నదే ప్రధానాంశంగా నిలిచింది. దిద్దిన పత్రం తిరిగి విద్యార్థి చేతికి రావాలన్న ఆలోచన ఆ చర్చకు కేంద్రం కాలేదు.

4. అంకె ఎంత నమ్మదగినది?

దిద్దడంలోని తేడాలను గణించి చూపిన పరిశోధన పంతొమ్మిదవ శతాబ్దం చివరనే మొదలైంది. ఆంగ్ల గణాంకశాస్త్రవేత్త ఎఫ్.వై. ఎడ్జ్‌వర్త్ 1888లో ప్రకటించిన పరీక్షల గణాంకాల వ్యాసంలో, ఒకే లాటిన్ వచనరచనను 28 మంది సమర్థులైన పరీక్షకులు దిద్దిన ఉదంతం ఉంది. నూటికి 45 ఇచ్చినవారి నుంచి 100 ఇచ్చినవారి వరకు వారిలో ఉన్నారు. భాషావిషయంలో అభిరుచిభేదాలు సహజమే అనుకున్నా, గణితంలోనూ పరిస్థితి భిన్నంగా లేదని అమెరికాలో స్టార్చ్, ఎలియట్ 1913లో చూపారు. ఒకే జామెట్రీ పత్రానికి వేర్వేరు అధ్యాపకులు వేసిన మార్కులు 28 నుంచి 90 పైచిలుకు వరకు ఉన్నాయి. దశలవారీ మార్కులు ఇవ్వాలా, ముగింపు తప్పితే మొత్తం కొట్టివేయాలా, శుభ్రతకు లెక్క ఉందా వంటి ప్రశ్నలకు ఒక్కొక్కరి సమాధానం ఒక్కొక్కటి.

ఈ పరంపరలో భారతీయ విద్యాచరిత్రతో నేరుగా సంబంధమున్న వ్యక్తి ఫిలిప్ హార్టాగ్. ఆయన 1917-19 నాటి కలకత్తా విశ్వవిద్యాలయ కమిషన్‌లో సభ్యుడు, ఢాకా విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్. ఇంగ్లండ్ తిరిగి వెళ్లాక ఇ.సి. రోడ్స్‌తో కలిసి 1935లో పరీక్షలను పరీక్షించే ఒక అధ్యయనాన్ని వెలువరించారు. అంతకుముందు ఒకే మధ్యస్థమైన మార్కు పొందిన 15 చరిత్ర జవాబుపత్రాలను పరీక్షకులకు ఇచ్చి దిద్దించారు. ఏడాది నుంచి ఏడాదిన్నర గడిచాక వాటినే 14 మంది పరీక్షకుల చేత మళ్లీ దిద్దించారు. వారు ఇచ్చిన 210 నిర్ణయాల్లో 92 సందర్భాల్లో ఉత్తీర్ణత, అనుత్తీర్ణత, విశేషస్థాయి అనే తరగతి మారిపోయింది. ఒకరితో మరొకరు విభేదించడం అటుంచి, పరీక్షకుడు కొంతకాలం తరువాత తనతో తానే విభేదించాడు. చరిత్ర బోధించేవారికి ఈ ఉదాహరణ ప్రత్యేకంగా ఆలోచనీయం.

ఈ ఫలితాల నుంచి రెండు భిన్నమైన నిర్ణయాలకు రావచ్చు. తేడా తప్పదు కాబట్టి దాన్ని బయటపెట్టకపోవడమే వ్యవస్థకు క్షేమమన్నది ఒకటి. తేడా తప్పదు కాబట్టి దాన్ని సరిచూసుకునే మార్గం ఉండాలన్నది రెండవది. మన విశ్వవిద్యాలయాలు ఈ రెండింటినీ కలిపి ఒక మధ్యేమార్గాన్ని రూపొందించుకున్నాయి. రుసుము చెల్లిస్తే మరొకరి చేత దిద్దిస్తారు. రెండు మూల్యాంకనాల మధ్య తేడా నిర్ణీత శాతాన్ని మించితే మూడవవారికి పంపుతారు. స్నాతకోత్తర స్థాయిలో మొదటినుంచే ఇద్దరి చేత దిద్దించే పద్ధతి కూడా అనేకచోట్ల ఉంది. మూడవ మూల్యాంకనానికి నిబంధన రాసుకోవడమంటే హార్టాగ్ కనుగొన్న సత్యాన్ని పరోక్షంగా ఒప్పుకోవడమే. అయినా విద్యార్థికి దక్కేది మరొక అంకె మాత్రమే. మొదటి అంకెకు కారణమేమిటో, రెండవది ఎందుకు మారిందో అతనికి తెలియదు.

5. న్యాయస్థానాల్లో జవాబుపత్రం: 1983, 1984

1980ల ఆరంభంలో సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పులు ఈ విషయంలో పక్కపక్కన చదవదగినవి. కాన్పూర్ విశ్వవిద్యాలయం కక్షిదారుగా ఉన్న 1983 నాటి కేసు వైద్యవిద్య ప్రవేశపరీక్షకు సంబంధించినది. బహుళైచ్ఛిక ప్రశ్నలకు విశ్వవిద్యాలయం అచ్చువేసిన ‘కీ’లోనే కొన్ని జవాబులు తప్పని ప్రామాణిక పాఠ్యగ్రంథాల ఆధారంగా విద్యార్థులు వాదించారు. ‘కీ’ సరైనదనే భావించాలి, అయితే అది తప్పని నిస్సందేహంగా రుజువైతే విద్యార్థిని శిక్షించడం అన్యాయమని కోర్టు తేల్చింది. ఆ కేసులో విద్యార్థులు వాదించగలిగింది వారికి ‘కీ’ కనిపించింది కాబట్టి. కనబడినదాన్నే ప్రశ్నించగలరు.

మరుసటి ఏడాది, 1984 జులైలో మహారాష్ట్ర మాధ్యమిక, ఉన్నత మాధ్యమిక విద్యామండలి కేసులో జస్టిస్ బాలకృష్ణ ఎరాడి రాసిన తీర్పు మరొక దిశలో సాగింది. మార్కుల కూడిక సరిచూడడానికి మాత్రమే అనుమతించి, పునర్మూల్యాంకనాన్నీ, జవాబుపత్రం చూపడాన్నీ నిషేధించిన మండలి నిబంధనలను బొంబాయి హైకోర్టు కొట్టివేసింది. సుప్రీంకోర్టు ఆ నిబంధనలను పునరుద్ధరించింది. విద్యారంగ విధానాలను రూపొందించడం నిపుణుల పని అనీ, లక్షలాది పత్రాలను చూపవలసివస్తే ఫలితాలకు అంతమే ఉండదనీ, మూల్యాంకనానికి సహజన్యాయ సూత్రాలను ఆ స్థాయికి విస్తరించలేమనీ తీర్పు సారాంశం. పాఠశాల మండలికి సంబంధించినదే అయినా ఈ తీర్పు ఆ తరువాత పాతికేళ్లకు పైగా విశ్వవిద్యాలయాలకు కూడా కవచంగా ఉపయోగపడింది.

ఈ తీర్పులోని ఆచరణాత్మక భయం నిరాధారం కాదు. అనుబంధ కళాశాలలు వందల సంఖ్యలో ఉన్న విశ్వవిద్యాలయంలో ఒక్కొక్క సెమిస్టరుకు దిద్దవలసిన పత్రాలు లక్షల్లో ఉంటాయి. స్పాట్ వాల్యుయేషన్ కేంద్రంలో కట్టలు విప్పి, కోడు నంబర్లు వేసి, అధ్యాపకులకు పంచి, చీఫ్ ఎగ్జామినర్ చేత కొన్నిటిని సరిచూపించి, మార్కులను నమోదు చేసేసరికే వారాలు గడుస్తాయి. అయితే ఈ వాదంలో ఒక అంతర్వైరుధ్యం ఉంది. పత్రాలు లక్షల్లో ఉన్నాయన్నది వాటిని చూపలేమనడానికి కారణమైతే, లక్షల పత్రాలను అంత వేగంగా దిద్దినప్పుడు పొరపాటు జరిగే అవకాశమూ అంతే పెరుగుతుందన్నది చూపించాలనడానికి కారణమవుతుంది.

6. సమాచార హక్కు తెచ్చిన మలుపు

2005 అక్టోబరు 12న పూర్తిగా అమల్లోకి వచ్చిన సమాచార హక్కు చట్టం ఈ స్థితిని మార్చింది. పరీక్షలను దృష్టిలో పెట్టుకుని చేసిన చట్టం కాదది. ప్రభుత్వ సంస్థల వద్ద ఉన్న సమాచారాన్ని పౌరుడు చూడవచ్చునన్న సామాన్యసూత్రం పరీక్షా విభాగం తలుపునూ తట్టింది. ప్రారంభంలో ఆ తలుపు తెరుచుకోలేదు. విశ్వవిద్యాలయాలు, పరీక్షా మండళ్లు నిర్వహించే పరీక్షల జవాబుపత్రాలను చూపనవసరం లేదని 2007లో కేంద్ర సమాచార కమిషన్ అభిప్రాయపడింది.

మలుపు కలకత్తాలో వచ్చింది. కలకత్తా విశ్వవిద్యాలయం గణితశాస్త్ర పత్రంలో తనకు తక్కువ మార్కులు వచ్చాయని భావించిన ఒక ఆనర్స్ విద్యార్థి, దిద్దిన తన పత్రాన్ని చూపాలని కోరాడు. 2008 మార్చిలో కలకత్తా హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం, 2009 ఫిబ్రవరిలో ద్విసభ్య ధర్మాసనం అతని హక్కును గుర్తించాయి. తొలి బి.ఏ. పట్టాలను అనుగ్రహంగా ఇచ్చిన విశ్వవిద్యాలయమే, 150 ఏళ్ల తరువాత ఒక విద్యార్థి హక్కుగా అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పవలసి రావడం చరిత్రలో ఒక ఆసక్తికరమైన సమాగమం.

సెంట్రల్ బోర్డు ఆఫ్ సెకండరీ ఎడ్యుకేషన్ కక్షిదారుగా ఉన్న కేసులో 2011 ఆగస్టు 9న సుప్రీంకోర్టు ఈ వివాదాన్ని తేల్చింది. జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్ రాసిన ఈ తీర్పులోని ప్రధానాంశాలు ఇవి:

మొదటిది, పరీక్షకుడు దిద్దిన జవాబుపత్రంలో అతని అభిప్రాయం ఉంటుంది. చట్టనిర్వచనం ప్రకారం అభిప్రాయం కూడా సమాచారమే.

రెండవది, పరీక్షా సంస్థ ఆ పత్రాన్ని విశ్వాసబద్ధమైన హోదాలో దాచి ఉంచుతున్నది కాబట్టి ఇవ్వనక్కరలేదన్న వాదం, పత్రం రాసిన విద్యార్థి విషయంలో చెల్లదు.

మూడవది, పరీక్షకుల పేర్లు, సంతకాలు బయటపడితే వారి భద్రతకు ముప్పు కాబట్టి ఆ వివరాలను మరుగుపరచి పత్రాన్ని చూపాలి.

నాలుగవది, చూసే హక్కు వచ్చినంత మాత్రాన మళ్లీ దిద్దించుకునే హక్కు రాదు. అది ఆయా సంస్థల నిబంధనలను బట్టి ఉంటుంది.

అయిదవది, ఈ హక్కు పత్రాన్ని భద్రపరచే గడువులోపల మాత్రమే వర్తిస్తుంది.

మూడవ అంశం ఈ వ్యాసచర్చకు కీలకమైనది. పరీక్షకుని అజ్ఞాతత్వం, పత్రం గోప్యత అనే రెండింటిని 1857 నుంచి ఒకే ముడిగా చూస్తూ వచ్చారు. 2011 తీర్పు ఆ ముడిని విప్పింది. సంతకాన్ని కప్పిపుచ్చి పత్రాన్ని చూపవచ్చునన్నది ఎంత సులభమైన పరిష్కారమో, అది స్ఫురించడానికి అంత కాలం పట్టింది. 1984 తీర్పును కోర్టు తప్పుపట్టలేదు; నిబంధనలకన్నా సమాచార హక్కు చట్టానిదే పైచేయి అని 22వ సెక్షన్ ఆధారంగా వివరించింది.

తరువాతి తీర్పులు ఈ హక్కు సరిహద్దులను గీశాయి. పునర్మూల్యాంకనానికి నిబంధనలు లేనిచోట న్యాయస్థానాలు తామే జవాబులను దిద్దే పనికి పూనుకోరాదని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. సివిల్ సర్వీసుల పరీక్ష విషయంలో ఇటువంటి సమాచారాన్ని యాంత్రికంగా ఇవ్వాలనడం తగదని 2018లో తీర్పు ఇచ్చింది. పోటీపరీక్షనూ, ఒక పాఠ్యక్రమం ముగింపులో జరిగే పరీక్షనూ వేర్వేరుగా ఆలోచించవలసిన అవసరాన్ని ఈ తీర్పు గుర్తుచేస్తుంది. పోటీపరీక్ష ఎంపికతో ముగుస్తుంది. పాఠ్యక్రమ పరీక్ష చదువులో ఒక మజిలీ.

7. ఇతర దేశాల అనుభవం

ఇతర దేశాల్లోనూ ఈ హక్కు రకరకాల దారుల్లో వచ్చింది. జర్మనీలో పరీక్షానంతరం నిర్ణీతదినాన విద్యార్థులు వచ్చి దిద్దిన పత్రాలను చూసుకోవడం విశ్వవిద్యాలయ ఆచారంలో భాగం. వృత్తిప్రవేశాన్ని నిర్ణయించే పరీక్షల్లో అభ్యర్థి అభ్యంతరాలను పరీక్షకులు తిరిగి పరిశీలించాలనీ, సకారణంగా సమర్థించదగిన జవాబును తప్పుగా పరిగణించరాదనీ ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం 1991లో చెప్పింది. ఐర్లాండ్ నుంచి వచ్చిన ఒక వ్యాజ్యంలో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2017 డిసెంబరులో, అభ్యర్థి రాసిన జవాబులతోపాటు వాటిపై పరీక్షకుని వ్యాఖ్యలు కూడా అభ్యర్థి వ్యక్తిగత సమాచారమేనని నిర్ణయించింది. బ్రిటన్ మాత్రం అభ్యర్థి రాసిన జవాబులను వ్యక్తిగత సమాచార చట్టం నుంచి మినహాయించింది. మనకు నమూనా ఇచ్చిన దేశమే ఈ విషయంలో మనకన్న వెనుక నిలిచిందన్నమాట.

జర్మనీ ఉదాహరణలో గమనించవలసిన భేదం ఒకటుంది. అక్కడ సాధారణంగా పాఠం చెప్పిన ఆచార్యుని విభాగమే పత్రాన్ని దిద్దుతుంది, ఆ విభాగమే చూపుతుంది. విద్యార్థి ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవారు అందుబాటులో ఉంటారు. మన అనుబంధ వ్యవస్థలో విద్యార్థికి అందేది నకలు. ఎదురుగా మనిషి ఉండడు.

8. తెలుగు రాష్ట్రాల సందర్భం: 2019

దిద్దిన పత్రాన్ని చూడగలగడం ఎంత ప్రాణప్రదమో తెలుగునాట 2019లో తేటతెల్లమైంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో వెలువడిన తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాల్లో తీవ్రమైన పొరపాట్లు బయటపడ్డాయి. పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. తెలుగు పత్రంలో 99 మార్కులు రావలసిన ఒక విద్యార్థినికి సున్నా నమోదైన ఉదంతం రాష్ట్రమంతటా చర్చనీయాంశమైంది. ఆ పత్రాన్ని దిద్దినవారు జవాబులను సరిగానే చదివారు. పొరపాటు మార్కులను నమోదు చేయడంలో జరిగింది. ప్రభుత్వం త్రిసభ్య కమిటీని నియమించి, తప్పినవారందరి పత్రాలనూ ఉచితంగా పునఃపరిశీలించాలని ఆదేశించింది. ఆ పరిశీలనలో వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులయ్యారు.

ఇది విశ్వవిద్యాలయ పరీక్ష కాకపోయినా, విశ్వవిద్యాలయాలకు వర్తించే మూడు పాఠాలు ఇందులో ఉన్నాయి. పత్రం దిద్దడానికీ ఫలితం వెలువడడానికీ మధ్య కోడింగ్, నమోదు, కంప్యూటరీకరణ వంటి ఎన్నో చేతులు ఉంటాయి. పొరపాటు ఏ చేతిలోనైనా జరగవచ్చు. ఆ పొరపాటును అందరికన్నా ముందు అనుమానించగలిగేది రాసిన విద్యార్థే, తానేమి రాశాడో తెలిసింది అతనికే కాబట్టి. ఇక రుసుము చెల్లించగలిగినవారికే పునఃపరిశీలన దక్కే పద్ధతిలో, నష్టపోయినవారిలో ఎందరో అడగకుండానే మిగిలిపోతారు. అందరి పత్రాలనూ ఉచితంగా చూసినప్పుడు మాత్రమే ఆ వెయ్యిమంది బయటపడ్డారు.

నేడు జవాబుపత్రాల నకళ్లు ఇచ్చే పద్ధతిని అనేక విశ్వవిద్యాలయాలు ప్రవేశపెట్టాయి. తెర మీద దిద్దే పద్ధతి వచ్చాక నకలు ఇవ్వడం సాంకేతికంగా మరింత సులభమైంది. అయితే సాంకేతికత దానంతటదే పరిష్కారం కాదని ముంబయి విశ్వవిద్యాలయం అనుభవం చెబుతున్నది. 2017లో అక్కడ తెర మీద మూల్యాంకనం తొందరపాటుతో మొదలై ఫలితాలు నెలల తరబడి ఆలస్యమయ్యాయి; చివరకు ఆ ఏడాది అక్టోబరులో వైస్ ఛాన్సలర్ పదవి కోల్పోయారు.

9. సాక్ష్యమా, పాఠమా?

చూసే హక్కు సమాచార చట్టం దారిన రావడం వల్ల దాని స్వరూపమూ ఆ చట్టం పోలికలోనే రూపొందింది. దరఖాస్తు, రుసుము, గడువు, అప్పీలు దాని అంగాలు. విద్యార్థి పత్రాన్ని తెప్పించుకునేది మార్కులు తగ్గాయన్న అనుమానంతోనే. మంచిమార్కులు వచ్చినవాడు తన పత్రాన్ని చూడడు. తక్కువ వచ్చినా న్యాయమేననుకున్నవాడూ చూడడు. నేర్చుకోవడానికి పత్రాన్ని చూడడమనే అవసరం ఈ చట్రంలో ఇమడలేదు. దిద్దేవారి అలవాట్లూ అందుకు తగినట్లే ఉన్నాయి. పది పేజీల వ్యాసరూప జవాబుకు అంచున ఒక అంకె, కింద ఒక టిక్కు తప్ప మరో అక్షరం కనిపించని నకలును పొందినవాడికి తన అంకె ఎలా వచ్చిందో అప్పటికీ తెలియదు. చూసే హక్కు దక్కింది గాని చూడడానికి అందులో ఏమీ లేకపోయింది.

ఇదే కళాశాలల్లో సెమిస్టరు మధ్యలో జరిగే అంతర్గత పరీక్షల పత్రాలను అధ్యాపకులు తరగతిలో పంచి, తప్పులను చర్చించడం సర్వసాధారణం. ఒకే విద్యార్థి, ఒకే పాఠ్యాంశం, కొద్దివారాల తేడా. మధ్యపరీక్ష పత్రం పాఠమవుతుంది, తుదిపరీక్ష పత్రం రహస్యమవుతుంది. ఎక్కువ మార్కులున్న పరీక్ష నుంచి తక్కువ నేర్చుకునే ఈ విపరీతాన్ని స్వయంప్రతిపత్తి కళాశాలలు సులభంగా తొలగించగలవు. బోధన, మూల్యాంకనం రెండూ తమ ప్రాంగణంలోనే జరిగే ఆ సంస్థల్లో ఫలితాల తరువాత ఒక నిర్ణీతదినాన పత్రాలను చూపి, ప్రశ్నలకు జవాబు చెప్పడానికి 1857 నాటి అడ్డంకులు వర్తించవు.

10. ముగింపు

భారతీయ విశ్వవిద్యాలయ పరీక్షల చరిత్రలో దిద్దిన ఫలితాన్ని సరిచూడడం మూడు దశల్లో సాగింది. 1858లో అది సంస్థ అనుగ్రహం. ఇరవయ్యవ శతాబ్దంలో రుసుము చెల్లించి పొందే సేవ. 2011 తరువాత పౌరుని హక్కు. ఈ పరిణామం తక్కువది కాదు. పరీక్షకుని అజ్ఞాతత్వాన్ని కాపాడుతూనే పత్రాన్ని చూపవచ్చునని తేలడం, గోప్యతకు చెప్పిన ప్రధానకారణాన్ని తొలగించింది.

నాలుగవ దశ ఇంకా రావలసి ఉంది. అందులో జవాబుపత్రం చదువులో భాగంగా, అడగకుండానే, దిద్దినవారి కారణాలతో విద్యార్థికి చేరాలి. అది న్యాయస్థానాలు ఇవ్వగలిగినది కాదు. ఎర్రసిరా కలం పట్టే అధ్యాపకులు, వారికి తగిన సమయాన్ని కేటాయించే విశ్వవిద్యాలయాలు మాత్రమే ఇవ్వగలిగినది. ‘దిద్దడం’ అనే మాటకు పోయిన రెండవ అర్థం తిరిగి రావడానికి, అంకె పక్కన ఆ అంకెకు కారణం చెప్పే ఒక్క వాక్యం రాయడంతో ఆరంభించవచ్చు.